ఊరికే కొండెక్కడం

శనివారం ఉదయం ఇడ్లీ తింటూ ఉమామహేశ్వర్ మర్నాటి కార్యక్రమం ప్రకటించాడు. ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద సువర్ణరేఖ నది వంతెన దాటుతాడు. దల్మా కొండల అంచున ఉన్న చిన్న కొండ ఒక్కడే ఎక్కి, కాసేపు కూర్చుని, భోజనం వేళకు ఇంటికి వచ్చేస్తాడు.

"ఎందుకు?" అంది భార్య వసంతలక్ష్మి.

"ఊరికే."

"ఊరికే ఎవరైనా కొండెక్కుతారా?"

ఎక్కుతారని అతను కళ్లారా చూశాడు. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ఇంజనీరైన అతన్ని రెండేళ్ల కిందట కంపెనీ తొమ్మిది నెలల శిక్షణకు ఇంగ్లండులోని షెఫీల్డ్ పంపింది. అక్కడ నేర్చుకున్న రోలింగ్ చాలావరకు మరిచిపోయాడు కాని, అక్కడి ఆదివారాలు మరిచిపోలేదు. గది అద్దెకిచ్చిన హేగ్ అనే ముసలాయన అతన్ని బస్సెక్కించి ఊరి బయటి కొండలకు తీసుకుపోయేవాడు. అక్కడ చెట్లుండవు. ఆకాశం కిందికంటా దిగి ఉంటుంది. సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు కొండవాలు మీద ఎటుపడితే అటు పాకిపోతుంటాయి. వాటికి ఇటూ అటూ గొర్రెలు. ఆగస్టులో ఊదారంగు పొదలు, మిగిలిన నెలల్లో తడి. హేగ్ ఐదు మైళ్లు నడిచి ఒక్క మాట అనేవాడు: "గాలి మారింది." ఎదురుపడ్డవాళ్లు గుడ్ మార్నింగ్ చెప్పి సాగిపోయేవారు. ఎవరు నువ్వు, ఎవరి తాలూకు, జీతమెంత అని ఒక్కరూ అడిగేవారు కాదు. ఆ కొండల మీదే ఉమామహేశ్వర్ జీవితంలో మొదటిసారి తన తలలో ఖాళీ స్థలం ఉందని కనిపెట్టాడు.

తిరిగి వచ్చాక ఆ స్థలం మళ్లీ నిండిపోయింది. పగలు మిల్లు మోత, సాయంత్రం పక్క క్వార్టరు రేడియో, ఆదివారమైతే సాక్చీ బజారుకు వచ్చినవాళ్లంతా ఒక కప్పు కాఫీకి. మొన్న బుధవారం ఏ కారణమూ లేకుండా క్రేన్ ఆపరేటర్ మీద కేకలేసి, ఆ గొంతు తనదేనా అని భయపడ్డాడు. ఒక్క పూట నిశ్శబ్దం దొరక్కపోతే ఈసారి ఎవరిని తిడతాడో అతనికే తెలియదు.

ఒంటరిగా ఉండాలనుకున్న మనిషి ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవాలి. అది ఉమామహేశ్వర్ వల్ల కాదు. ఇంగ్లండు కొండల నిశ్శబ్దం గురించి అతను గంటకు తక్కువ కాకుండా వర్ణించి చెప్పని మనిషి ఆ కాలనీలో లేడు.

గది తుడుస్తున్న పనిమనిషి నూకమ్మ తలెత్తింది. "కొండెక్కి ఏటి సేత్తారు బాబూ?"

"ఏమీ చెయ్యను. పైన ఒక రాయి పెట్టి వస్తాను. ఆ దేశంలో కొండెక్కినవాళ్లు పైన రాళ్ల కుప్ప మీద తలా ఒక రాయి వేస్తారు. అది వాళ్ల ఆనవాయితీ."

నూకమ్మ చేతిలో గుడ్డ ఆగింది. వాళ్ల వైపు దేవుడి కొండకు వెళ్లినవాళ్లు దారి పక్కన రాయి మీద రాయి పేర్చి సొంతిల్లు కోరుకుంటారు.

"ఆ రాయెట్టినోలందరికీ సొంతిళ్లున్నాయా బాబూ?"

ఉమామహేశ్వర్ ఆలోచించాడు. హేగ్‌కి ఉంది. హేగ్ స్నేహితులకీ ఉన్నాయి. అబద్ధమాడే మనిషి కాదు.

"చాలామందికి ఉన్నాయి."

"అయితే పన్జేత్తాది," అని నూకమ్మ మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

ఆ ఊళ్లో ఇల్లు అనేది సున్నితమైన విషయం. క్వార్టరు కంపెనీది. రిటైరైతే తాళాలు అప్పగించి నడవాలి. పక్కింటి కూర్మారావు వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు, ఆయన ఇల్లు ఇంకా ఎక్కడా లేవలేదు. ఉమామహేశ్వర్ ఇంట్లో పని ముగించుకుని నూకమ్మ వెళ్లేది ఆ ఇంటికే.

సాయంత్రానికి కూర్మారావు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు.

"ఏవయ్యా, ఏడాదిగా ఇంగ్లండు కొండలు ఇంగ్లండు కొండలు అంటే గాలి కోసం అనుకున్నాను. ఇంత మాట కడుపులో దాచుకున్నావా?"

"గాలి కోసమేనండీ."

"సర్లే. మొక్కు బయటికి చెప్పకూడదు. నాకు తెల్దా?"

"మొక్కేం లేదండీ. ఊరికే వెళ్తున్నాను."

"అద్గదీ. అడిగితే అలాగే చెప్పాలి."

ఉమామహేశ్వర్ కాదన్నకొద్దీ కూర్మారావు ముఖం వెలిగింది. నమ్మాలని ముందే నిర్ణయించుకున్న మనసుకు ప్రతి ఖండనా ఒక సాక్ష్యం. మొక్కు కాదని గట్టిగా చెప్పడానికి ఉమామహేశ్వర్ ఆ రాత్రి మరో మూడు ఇళ్లకు వెళ్లాడు. దాంతో ఆ మూడు ఇళ్లకూ విషయం తెలిసింది.

ఆదివారం పొద్దున్నే ఫ్లాస్కు భుజాన తగిలించుకుని అతను తలుపు తీస్తే, గుమ్మం ముందు లారీ ఉంది. నూకమ్మ మొగుడు తవిటయ్య ఒక కంట్రాక్టరు దగ్గర లోడింగు పని చేస్తాడు. సెలవు పూట ఖాళీగా ఉన్న లారీని బాగ్‌బేరా బస్తీ నుంచి జనంతో సహా తెచ్చాడు. దారిలో పర్సుడీహ్ వాళ్లు కూడా ఎక్కారు. అందరి ఒళ్లలోనూ రాళ్లు. తవిటయ్య దగ్గర రెండున్నాయి.

"రెండెందుకు?" అన్నాడు ఉమామహేశ్వర్ నీరసంగా.

"మేడండి."

కూర్మారావు హిందీ పేపర్లో చుట్టిన ఇటుక పట్టుకుని వచ్చాడు.

"కొండ మీద రాళ్లుంటాయి కదండీ."

"ఉంటాయి. కాని పునాది దగ్గర దొరికినదాంతో సరిపెట్టుకోకూడదు."

ఉమామహేశ్వర్ లారీ మెట్టు మీద నిలబడి వివరించాడు. కొండ ఎక్కడమంటే ఏమీ కోరకపోవడం. కాసేపు తన పేరూ ఉద్యోగమూ కింద వదిలేసి రావడం. పైన రాయి పెట్టడమంటే నాకంటే ముందు ఎవరో వచ్చారని ఒప్పుకోవడం. చాలాసేపే చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒకాయన దణ్ణం పెట్టి, రాయిని తూర్పు ముఖంగా పెట్టాలా ఉత్తరంగానా అని అడిగాడు.

ఈలోగా వసంతలక్ష్మి పులిహోర గిన్నె మోసుకుంటూ బయటికి వచ్చింది.

"నువ్వు కూడానా?"

"ఇంతమంది మన గుమ్మం ముందు నిలబడితే ఏం చెయ్యమంటారు? పులిహోర చేశాను. చేసినదాన్ని నేనే వడ్డించాలి కదా."

అతన్ని కూడా ఎక్కించి ఇటుకకూ పులిహోరకూ మధ్య కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడు నూకమ్మ తల్లి జోగమ్మను ఇద్దరు చేతుల మీద మోసుకొచ్చారు. ముసలమ్మ ఒళ్లో మూటెడు రాళ్లున్నాయి. కొడుకులు నలుగురు. డ్రైవరు లారీ వెనక్కి వచ్చి చూసి, "బస్, అబ్ ఏక్ భీ నహీఁ," అన్నాడు. ఇక ఒకరు ఎక్కాలంటే ఒకరు దిగాలి.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. కూర్మారావు కూతురు లలితకుమారి మర్యాదగానే అంది: "అంకల్ తో ఇంగ్లండ్ మేఁ చఢ్ చుకే హైఁ."

"నిజవే బాబూ," అంది నూకమ్మ. "మీరక్కడ తొమ్మిది నెల్లు ఎక్కీసినారు. ఇది మాకొగ్గీయండి."

ఉమామహేశ్వర్ ఫ్లాస్కు పట్టుకుని దిగాడు. జోగమ్మ అతని చోట్లో కూర్చుంది. లారీ కదిలింది. స్కూటర్ మీద వెనకాల వెళ్లవచ్చునని తోచింది కాని, అంతమంది ఉన్న కొండకూ సాక్చీ బజారుకూ తేడా ఎత్తు ఒక్కటే.

లారీ మలుపు తిరిగాక కాలనీలో ఏ చప్పుడూ లేదు. రేడియోలు లేవు, కాఫీకి వచ్చేవాళ్లు లేరు. ఎండ మెట్ల మీద పడి అక్కడే ఉంది. వరండాలో కూర్చుని ఉమామహేశ్వర్ ఫ్లాస్కులో టీ పోసుకున్నాడు. ఇన్నాళ్లూ వెతికింది ఇంటికే వచ్చిందని అతనికి కాసేపటికి అర్థమైంది. అద్భుతంగా ఉంది. ఇది ఎంత అద్భుతంగా ఉందో ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరూ లేరు. టీ చల్లారింది. భోజనం వేళకు అతను గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మూడింటికి వీధి చివర ఉన్నాడు.

లారీ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కూర్మారావు ఇల్లు ఖాయమైనవాడిలా దిగాడు. వసంతలక్ష్మి చివర దిగింది. ఖాళీ గిన్నె చంకన ఉంది, జుట్టంతా చెదిరి ఉంది. ఆమె నడకలో తొందర లేదు.

"ఏం చూశావు?" అన్నాడు లోపలికి వచ్చాక.

"రాళ్లు పెట్టగానే వాళ్లంతా పులిహోరకి కిందికి పరిగెత్తారు. తవిటయ్య వడ్డిస్తానన్నాడు. నేను పైనే ఉండిపోయాను." ఆమె గిన్నె కింద పెట్టింది. "నది చీర అంచులా ఉంది. మీ మిల్లు పొగ ఇంతే, అగరొత్తంత. చప్పుడే రాదు. ఎవరో ఒకామె కట్టెలమోపుతో వచ్చింది. నన్ను చూసి నవ్వి వెళ్లిపోయింది. ఏమీ అడగలేదు."

"అదే నేను ఏడాది నుంచీ చెప్తున్నది."

"మీరు చెప్తుంటే తెలియలేదు."

జుట్టు ముడి వేసుకుంటూ ఆమె అంది: "వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాను. ఎవరికీ చెప్పకండి."

"నేనూ వస్తాను. స్కూటర్ ఉంది కదా."

వసంతలక్ష్మి అతని వైపు చూసింది. జాలిగానే చూసింది.

"మీరొస్తే మాట్లాడతారు."

"మాట్లాడను."

"మాట్లాడకుండా ఉండగలిగితే తీసుకెళ్తాను. ముందు ఈ వారం చూద్దాం."

సోమవారం నుంచి ఉమామహేశ్వర్ మాట్లాడకుండా ఉండడం సాధన చేస్తున్నాడు. అది ఎలా సాగుతోందో మిల్లులో అందరికీ వివరంగా చెప్తున్నాడు.