తెరచాప నీడలో సాహెబు గారు

ఆ ఆదివారం ఉదయం వరాహనరసింహం తలపెట్టింది చాలా చిన్న పని. కాంసాయి నది ఒడ్డున ఖరగ్‌పూర్ తెలుగు సంఘం వారి కార్తీక వనభోజనాలు. వాటికి వస్తున్న పెద్ద ఆఫీసరు ఈశ్వరప్రసాద్ గారిని తెరచాప పడవలో తిప్పి, పడవలోంచే మైకులో ఒడ్డున అందరికీ వినబడేలా పొగిడి, ఒడ్డుకు చేర్చేలోగా క్వార్టరు సంగతి చెవిన వెయ్యాలి. అతనుంటున్న రైల్వే క్వార్టరులో వాన బయట కన్నా లోపలే ఎక్కువ కురుస్తుంది. ఖాళీ అయిన ఒకే ఒక్క మంచి క్వార్టరు మీద సంఘం కార్యదర్శి సోమయాజులు కూడా కన్నేసి ఉంచాడు.

నది మధ్యలో మైకుకు కరెంటెక్కడిది? 1991 నాటికి ఊళ్ళో ఇంకెవరింటా లేని సోలార్ పలక వరాహనరసింహం ఇంట ఉంది. కలకత్తా ఎగ్జిబిషన్‌లో కొన్నాడు. కొన్న నాటి నుంచి అది భార్య కుసుమకుమారి వడియాలు ఎండబెట్టుకోవడానికి తప్ప దేనికీ అక్కరకు రాలేదు.

"ఓ బేటరీ కూడా పెట్టుకో గురూ. నీడ పడితే ఏటి సేస్తావు?" అన్నాడు పక్కింటి తీతు, పలకను పడవ కప్పు మీద కట్టడానికి సాయం పడుతూ.

"నెత్తి మీద సూర్యుడుండగా బేటరీ ఏటికయ్యా? బేటరీలు లోడ్‌షెడ్డింగు వాళ్ళకి," అని కొట్టిపారేశాడు వరాహనరసింహం.

పడవ కదిలింది. ఈశ్వరప్రసాద్ సాహెబు గారు ఎండకు ఓర్వలేక, టోపీ తీసి కప్పు మీద పెట్టి కిందకి దూరారు. బెంగాలీ పడవవాడు తెరచాప ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే గాలికి అది గిర్రున తిరిగి సాహెబు గారి టోపీని నీళ్ళలోకి విసిరేసింది. ఆ పైన ఊగినప్పుడల్లా దాని నీడ పలక మీద పడుతోంది, మైకు మూగబోతోంది. ఆ సంగతి పడవలో ఎవరికీ తెలియలేదు. వరాహనరసింహం గొంతుకు మైకు అవసరం ఏనాడూ లేదు.

"మన ఈశ్వరప్రసాద్ గారు ఆఫీసు పనుల్లో పూర్తిగా మునిగిపోయినారు! అయినా మన కోసం వచ్చినారు! ఇలాంటి మనిషి మనకి మళ్ళీ దొరకరు!" అని గర్జించాడతను.

మధ్యమధ్య నీడ మింగేయగా ఒడ్డుకు చేరింది ఇంతే: "ఈశ్వరప్రసాద్ గారు... పూర్తిగా మునిగిపోయినారు... మళ్ళీ దొరకరు!"

పులిహోర కలుపుతున్న దాలమ్మ గరిటె వదిలేసింది. "ఓలమ్మో! సాయెబుగారు గంగలో కలిసిపోనారు!"

ఈత వచ్చినవాళ్ళు దూకారు. రానివాళ్ళు ఒడ్డున నిలబడి ఎక్కడ వెతకాలో సలహాలిచ్చారు.

"ఏమిటయ్యా, బట్టలతోనే దూకుతున్నారు?" అన్నారు సాహెబు గారు కప్పు కింద నుంచి తొంగి చూసి.

"తమరి మీద అభిమానమండీ! ఒడ్డుకొచ్చేదాకా ఆగలేకపోతన్నారు," అన్నాడు వరాహనరసింహం. క్వార్టరు మాట ఇంకా ఎత్తనేలేదు. అంచేత పడవవాడి వైపు తిరిగి, "దాదా, ఔర్ ఏక్ చక్కర్!" అని ఇంకో చుట్టు తిప్పమన్నాడు. పడవ వంపు తిరిగి కనుమరుగైంది.

ఈలోగా ఓ జాలరి వలకు టోపీ దొరికింది. ఇక అనుమానానికి తావు లేకపోయింది. సాహెబు గారి కోసం వేసిన కుర్చీలో టోపీని కూర్చోబెట్టి, స్వాగతానికి తెచ్చిన బంతిపూల దండ దానికే వేశారు. సోమయాజులు కళ్ళు తుడుచుకుని సంతాప ప్రసంగం అందుకున్నాడు.

పడవ దిగి ఇద్దరూ జనం వెనక్కి వచ్చేసరికి అందరూ తలలు వంచుకుని ఉన్నారు.

"వారు తిడితే కన్నతండ్రి తిట్టినట్టుండేది. ఆ చేతి సంతకం చూస్తే దణ్ణం పెట్టాలనిపించేది. అంతటి మహానుభావుణ్ణి ఉన్నన్నాళ్ళూ గుర్తించలేకపోయినాం!" అంటున్నాడు సోమయాజులు.

వరాహనరసింహం చేతులు రెండూ పైకెత్తాడు. "ఆపండర్రా! సార్ నిక్షేపంలా..." అని అరవబోయాడు. సాహెబు గారు అతని నోరు మూశారు.

"ఉండవయ్యా. పూర్తి కానీ."

పూర్తయ్యాక ఆయన కళ్ళొత్తుకుంటూ ముందుకు నడిచారు. దాలమ్మ కెవ్వున అరిచింది. సోమయాజులు మాత్రం తడబడలేదు.

"నా మీద ఇంత అభిమానం ఇన్నాళ్ళూ లోపలే దాచుకున్నావా?" అన్నారు సాహెబు గారు గద్గదంగా.

"తమరు బతికుండగా చెప్తే ముఖస్తుతి అనుకుంటారని, సార్."

సాహెబు గారు అతన్ని కౌగిలించుకున్నారు. కౌగిలి వదలకుండానే, "అవునూ, నేను మునిగిపోయానని చెప్పిందెవరు?" అని అడిగారు.

తడిసినవాళ్ళూ పొడిగా ఉన్నవాళ్ళూ అంతా ఒక్కసారిగా వరాహనరసింహం వైపు వేలు చూపించారు. తెరచాప గురించీ, నీడ గురించీ అతను ఎంత వివరించినా సాహెబు గారి చెవికెక్కలేదు. వారం తిరక్కుండా సోమయాజులు కొత్త క్వార్టరులో పాలు పొంగించుకున్నాడు.

మరుసటి ఏడాది వనభోజనాలకు పిలవడానికి వెళ్తే సాహెబు గారు ఒక్కటే అడిగారు, సంతాప సభ ఎన్ని గంటలకని.