రెండో అమ్మకి సెలవు

ఆ మంగళవారం పొద్దున నీరజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దమ్మ విజయశ్రీకి జావ తాగించి, అమెరికాలో వాళ్ళుండే చాండ్లర్ ఊళ్ళోనే ఉన్న తన ఆఫీసుకి వెళ్ళి, సెలవు అడగాలి. ఇక మందులు వద్దు, ఇంటికి తీసుకెళ్ళి సుఖంగా చూసుకోండని డాక్టరు చెప్పేశాడు. భార్య స్మృతి సెలవులన్నీ ఆస్పత్రి కుర్చీల్లోనే అయిపోయాయి. కన్నతల్లి మంచాన పడటంతో నీరజ్‌ని పాలసీసా నాటి నుంచి పెంచింది ఈ పెద్దమ్మే. ఆ పనిలో పడి పెళ్ళి సంగతి కూడా మరిచిపోయింది.

హెచ్ఆర్ ఆవిడ ఎవరికి బాగోలేదని మర్యాదగానే అడిగింది. "మా ఆంటీకి" అన్నాడు నీరజ్. ఇంట్లోవాళ్ళ జబ్బుకి సెలవిచ్చే చట్టం ఆంటీలకి వర్తించదని, భార్యో పిల్లలో తల్లిదండ్రులో అయితేనే ఉద్యోగం పోకుండా సెలవు ఇవ్వగలమని ఆవిడ చెప్పింది. నీరజ్ వెంటనే "అంటే, మా అమ్మే" అనేశాడు.

మధ్యాహ్నానికి మేనేజరు మాయ అతని సీటు దగ్గరికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి.

"నీరజ్, సారీ, కానీ మీ అమ్మ లాస్ట్ ఇయర్ పోయింది కదా? మేము ఫ్లవర్స్ పంపాం."

"ఈవిడ పెద్దమ్మ."

మాయ తనకొచ్చిన తెలుగంతా కూడదీసుకుంది. "పెద్ద అమ్మ. అంటే ఫస్ట్ వైఫ్? ఓ. మీ డాడ్‌కి ఇద్దరా?" నీరజ్ కాదనేలోపే ఆమె చెయ్యి అతని భుజం మీద పడింది. "ఇట్స్ ఓకే. నేను ఎవరికీ చెప్పను."

ఆమె ఎవరికీ చెప్పకపోవడం ఎలా ఉంటుందో సాయంత్రానికే తెలిసింది. సవతి తల్లి కూడా చట్టంలో ఉందని, కంగారు పడొద్దని హెచ్ఆర్ నుంచి ఫోనొచ్చింది. మర్నాడు ఇంటికి పూలబుట్ట వచ్చింది. మీ సవతి తల్లి త్వరగా కోలుకోవాలని ఇంగ్లీషులో రాసిన కార్డు, దాని కింద ఆఫీసులో అందరి సంతకాలు.

పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "స్టెప్ మదర్ అంటే ఏందిరా?"

నీరజ్ జరిగిందంతా చెప్పాడు. విని ఆమె దగ్గొచ్చేదాకా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా వారాలైంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"నా చెల్లెలి మొగుడికే నన్ను కట్టబెట్టావా? రేపోమాపో దాని దగ్గరికే పోతున్నా. అది నిలేస్తే నేనేం చెప్పుకోను? పోయి నిజం చెప్పిరా."

"నిజం చెబితే సెలవు రాదు పెద్దమ్మా."

"రాకపోతే పోనీ. నిన్ను పెంచేటప్పుడు నాకెవరిచ్చారు సెలవు?"

నీరజ్ వెళ్ళి చెప్పాడు. ఉద్యోగం మీద ఆశ వదులుకునే చెప్పాడు. అంతా విని హెచ్ఆర్ ఆవిడ అతనివైపు వింతగా చూసింది. ఆవిడే పెంచిందని మొదటిరోజే చెప్పి ఉండాల్సింది కదా అంది. తల్లిలా సాకినవాళ్ళు చట్టం దృష్టిలో తల్లేనట. అబద్ధం సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. సోమవారం నుంచి సెలవు మంజూరైంది. కారులో కూర్చుని నీరజ్ స్టీరింగ్ మీద తలానించి చాలాసేపు ఏడ్చాడు.

పెద్దమ్మ సోమవారం దాకా ఆగలేదు. శనివారం మధ్యాహ్నం స్మృతి చెంచాతో నీళ్ళు పడుతుంటే రెండు గుక్కలు మింగింది, మూడోది మింగలేదు. నీరజ్ ఆమె పాదాలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

సోమవారం పొద్దున ఫోన్ చేసి, మంజూరైన ఆ సెలవు కర్మలకి వాడుకుంటానని అడిగాడు. హెచ్ఆర్ ఆవిడ నిజంగానే బాధపడింది. కానీ ఆ చట్టం బతికున్నవాళ్ళని చూసుకోవడానికట. పోయినవాళ్ళకి కంపెనీ నిబంధనలు వేరే ఉన్నాయి, వాటిలో పెంచినవాళ్ళ ఊసు లేదు.

మంగళవారం నీరజ్ ఆఫీసుకి వెళ్ళాడు. ఆంటీ పోతే ఒక్క రోజే.