మూడో మీసం

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషికి చేతుల్లో ఎంత ఓపికో నోటికి అంత తొందర. ఆ ఆదివారం పొద్దున స్నానాలగదిలోంచి ఆయన పెట్టిన కేకకు వంటింట్లో గిన్నె ఒకటి జారి కిందపడింది.

"ఇలా రావే. మీ తమ్ముడి పని ఇవాళ్టితో సరి."

తమ్ముడంటే బేకరీ నడిపే బావమరిది. ఊరి గాలాల సంఘం ఏటా పెట్టే పోటీలో నాలుగేళ్ళుగా అందరికన్నా పెద్ద బంగారు తీగ చేపను పట్టేది అతనే. సంఘం గోడ మీద అతని ఫొటోలు నాలుగు వరసగా వేలాడుతున్నాయి. వాటి పక్కన ఒక ఖాళీ మేకు ఉంది. మన గడియారాలాయనది నాలుగేళ్ళూ రెండో స్థానమే. రెండో స్థానానికి ఫొటో ఉండదు, చప్పట్లుంటాయి, అవీ సగం మందే కొడతారు. ఆ మేకు ఇప్పుడు ఆయనకు కలలో కూడా కనిపిస్తోంది.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ టైలరు. దేన్నైనా ముందు కొలుస్తుంది, మెచ్చుకోవడం ఆ తర్వాతే. తెల్లవారుజామున ఆయన చెరువులో పట్టి తెచ్చి తొట్టిలో వదిలిన చేపను వంగి చూసింది.

"ఇది బంగారు తీగ కాదండీ."

"రంగు చూడవే, ఆ పొలుసు చూడు."

"మీరు మూతి చూడండి. బంగారు తీగకి మీసాలు నాలుగు. అద్దాల తొట్లో పెంచే బంగారు చేపకి అసలుండవు. దీనికి రెండే ఉన్నాయి, అవీ దారప్పోగుల్లా. రెండు జాతులూ కలిసిన సంకరం ఇది."

"అంత ఖాయంగా ఎలా చెప్తావు?"

"మా నాన్న చేపపిల్లల కేంద్రంలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. నేను అంకెలు నేర్చుకుందే వీటి పొలుసులు లెక్కపెట్టి."

ఆయన ప్రాణం ఉసూరుమంది. అంతలోనే చూపు పనిముట్ల పెట్టె మీద పడింది, ముఖం వెలిగింది.

"రెండేగా తక్కువ," అన్నాడు.

"వద్దండీ. అసలా పోటీ నోటీసు పూర్తిగా చదివారా?"

"పైన తేదీ చదివాను, కింద సంతకం చదివాను."

"మధ్యలో కూడా ఏదో రాస్తారు."

"నీకు తమ్ముడంటే ప్రేమ. ఈ కట్టుకున్నవాడు ఏమైపోయినా ఫరవాలేదు."

"సరే, మీ ఖర్మ," అని ఆవిడ మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆయన పాత గడియారం బెల్టు తీసి తోలును సన్నని పోగులుగా కోశాడు. కంటికి భూతద్దం తగిలించి, అద్దాలు అతికించే జిగురు పూసి, చేప తలను తడిగుడ్డలో పట్టుకున్నాడు. చేప ఊరుకుంటుందా? తోక విదిల్చింది. నీళ్ళు ఆయన ముఖాన, జిగురు మోచేతికి, ఒక మీసం ఎటు పోయిందో దేవుడికెరుక. నేలంతా వెతికి, దొరక్క, ఇంకొకటి కోశాడు. పన్నెండయ్యేసరికి చేపకు నాలుగు మీసాలూ వచ్చాయి, ఆయనకు జలుబు వచ్చింది.

బయల్దేరుతుంటే భార్య ఆయన ముఖంలోకి ఓ క్షణం చూసి పెదవి బిగబట్టింది.

"ఒక్కసారి అద్దం చూసుకోండి."

"టైము లేదు," అన్నాడు గడియారాలాయన.

సంఘం హాల్లో న్యాయనిర్ణేత రిటైరైన సైన్సు టీచరు. పొలుసుల మాస్టారంటే ఊరంతటికీ తెలుసు. వచ్చినవాళ్ళందరినీ వాళ్ళ చేపలతో ఫొటోలు తీయించి, ఒక్కో చేప మూతీ తడిమి చూశాడు. గడియారాలాయన వంతు వచ్చింది. ఆయన గుండె గోడగడియారంలా కొట్టుకుంటోంది. మాస్టారు లెక్కపెట్టాడు. "నాలుగు," అన్నాడు. తర్వాత గడియారాలాయన ముఖం కూడా పరీక్షగా చూశాడు.

బావమరిది చేప రెండు వందల గ్రాములు ఎక్కువ తూగింది. మళ్ళీ రెండో స్థానం, మళ్ళీ సగం చప్పట్లు.

"ఇక ఈ ఏడు కొత్తగా పెట్టిన బహుమతి," అన్నాడు మాస్టారు. "అన్నిటికన్నా పెద్ద సంకరం చేపకి. గోడ మీద ఫొటో కూడా. నోటీసు మధ్యలో వివరంగా రాశాం, అయినా ఎవరూ తేలేదు."

గడియారాలాయన కుర్చీ దభాలున వెనక్కి పడింది.

"ఆగండి మాస్టారూ. నాది సంకరమే."

"నాలుగు మీసాలు నేనే లెక్కపెట్టాను. ఓడినప్పుడు కాస్త హుందాగా ఉండాలయ్యా."

"రెండు నేనే అంటించాను."

"ఓటమి బాధలో ఇలాగే మాట్లాడతారు."

"లాగి చూడండి."

మాస్టారు లాగాడు. రాలేదు. జన్మలో గడియారాలాయన ఇంత గట్టిగా ఏదీ అతికించి ఉండడు. చివరికి పట్టుకారుతో పీకితే రెండూ ఊడివచ్చాయి.

"తోలు," అన్నాడు మాస్టారు.

"మంచి తోలండీ, నీళ్ళు తగిలినా ఏమీ కాదు," అన్నాడు ఆయన, అలవాటు కొద్దీ.

హాలంతా గొల్లుమంది. దొంగ మీసాలతో వచ్చిన చేపకు ఏ బహుమతీ లేదని మాస్టారు తేల్చేశాడు. చేపను తిరిగి చెరువులో వదిలారు. దానికది మహా సంతోషం.

అప్పుడు వెనక వరసలో కూర్చున్న భార్య దగ్గరికొచ్చి ఆయన పైపెదవి మీంచి ఏదో చటుక్కున పీకింది. పొద్దున పోయిన తోలు మీసం.

"ఇది పొద్దున్నుంచీ ఇక్కడే ఉందా? చెప్పొద్దూ?"

"అద్దం చూసుకోమన్నాను. మీరు అద్దమూ చూడరు, నోటీసూ చదవరు."

మరుసటి ఆదివారం బావమరిది ఆయన్ని చెయ్యిపట్టుకుని సంఘం హాలుకు లాక్కెళ్ళాడు. "బావా, మొత్తానికి గోడెక్కావు."

నిజమే. బావమరిది ఐదో ఫొటోకి కొత్త మేకు కొట్టి, ఆ ఖాళీ మేకుకు ఆయన ఫొటో వేలాడదీశారు. గుండెలకు చేపను హత్తుకుని నవ్వుతున్నాడు. పెదవి మీద సొంత మీసాలు రెండింటి నడుమ తోలుపోగు నిటారుగా నిలబడి ఉంది. కింద అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలు. కొలతల పుస్తకంలో రోజూ చూసే దస్తూరీ అది:

"కొత్త సభ్యులకు గమనిక. బంగారు తీగకు మీసాలు నాలుగు. సంకరానికి రెండు. మా ఆయనకు మూడు."