తెల్లవారుజాము నాలుగింటి దాకా తెరిచే ఉంచండి!

నిద్ర మనిషికి పట్టిన పాత జబ్బు. ఆ జబ్బుకు మా వీధి మలుపులో మందు కనిపెట్టారు. అలాంటి చోటును రాత్రి రెండింటికే మూసేయమనడం అన్యాయం. నాలుగింటి దాకా తెరిచి ఉంచాల్సిందే!

నవ్వకండి, ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాస్తున్నాను. మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన, మా లెబనాన్ వాళ్ళు గుంపుగా ఉండే ఈ ఊళ్ళో ముప్ఫై నాలుగేళ్ళుగా కాపురముంటున్నాను. కార్ల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేసి చేసి రిటైరైనవాణ్ణి. రాత్రి విలువ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మా పడకగది కిటికీకి సరిగ్గా ఎదురుగా నిజార్ రెస్టారెంటు ఉంది. వెనక హుక్కా లాంజ్. నిజార్ మా కళ్ళ ముందు నిక్కర్లతో తిరిగినవాడే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. రాత్రి రెండింటికి మూసే ఆ లాంజ్‌ను నాలుగింటి దాకా నడుపుకుంటానని సిటీ కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. దాని మీద వీధి వీధంతా భగ్గుమంది. ఎంత తెలివితక్కువ జనం!

అసలు ఆ లాంజ్ వల్ల మాకు ఎన్ని లాభాలని? నా భార్య నజ్వా పెరట్లో ఆరేసిన దుప్పట్లకు సోమవారం యాపిల్ వాసన, బుధవారం పుదీనా వాసన, శుక్రవారం వస్తే పుచ్చకాయ! డాక్టరు నన్ను సిగరెట్లు మానేయమన్నాడు. బుద్ధిగా మానేశాను. ఇప్పుడు కిటికీ రెక్క తీస్తే చాలు, కష్టపడకుండా రెండు హుక్కాలు పీల్చినంత పుణ్యం దక్కుతోంది.

దొంగల భయం పూర్తిగా పోయింది. పాపం, దొంగ మాత్రం కారు ఎక్కడ పెడతాడు? మా ఇంటి ముందు, పక్కింటి ముందు, ఆఖరికి మూలింటి హాజీ అద్నాన్ గారి గులాబీ మొక్కల మీద కూడా లాంజ్‌కు వచ్చినవాళ్ళ కార్లే. దొంగ మూడు చుట్లు తిరిగి, విసుగెత్తి వేరే పేటకు పోవాల్సిందే!

ఇక లోకజ్ఞానం సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వాళ్ళకు వీడ్కోలు ఒక్కసారితో తీరదు. కుర్చీ దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, కారు దగ్గర ఒకసారి, కారెక్కాక అద్దం దింపి మళ్ళీ ఒకసారి. రెండింటికి లాంజ్ మూస్తే మూడింటి దాకా మా కిటికీ కింద ఇదే కచేరీ.

"ఇక వెళ్ళొస్తా మరి!"

"అప్పుడేనా? ఇంకాసేపు ఉండరాదూ!"

"రెండయింది రా నాయనా!"

"రెండేగా! అన్నట్టు, మీ బావమరిది మోకాలు ఎలా ఉంది?"

అంతే. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, మోకాలి కథ మొదటి నుంచీ వస్తుంది. ఆ బావమరిది ఎవరో నాకు తెలియదు కానీ, అతని మోకాలి ఎక్స్‌రేలో ఏముందో నాకు కంఠతా వచ్చు. ఏ పుస్తకం చదివితే వస్తుందండీ ఇంత జ్ఞానం?

అయితే ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. నజ్వా స్కూలు బస్సు నడుపుతుంది.

పంతొమ్మిదేళ్ళుగా నడుపుతోంది. బస్సు మీద ఇంతవరకు ఒక్క గీత పడలేదు. రాత్రి ఎనిమిదింటికి పడుకుని నాలుగుంబావుకి లేవాలి. డిపోకు వెళ్ళి టైర్లూ లైట్లూ చూసుకుని, ఆరూ ఇరవైకి మొదటి స్టాపులో ఉండాలి. నలభై ఒక్కమంది పిల్లలు. లాంజ్‌లో ఎనిమిదింటికే పాటలు మొదలవుతాయి, వీడ్కోళ్ళు మూడింటికి ముగుస్తాయి. మిగిలిన గంటంబావు ఆవిడ ఇష్టం, ఎంత కావాలంటే అంత పడుకోవచ్చు! సెలవు పెడదామంటే డిపోలో డ్రైవర్లు లేరు. ఒకరు మానేస్తే రెండు బస్సుల పిల్లల్ని ఒక్క బస్సులో కుక్కుతారు.

మొన్నొక రోజు ఎర్ర లైటు దగ్గర బస్సు ఆపి ఉండగా ఆవిడకు కన్ను మూతపడిందట. వెనక కారువాడు హారన్ కొడితే గానీ తెలివి రాలేదట. ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా వంటింట్లో కూర్చుండిపోయింది. నాకు భయమేసింది. ఈ ఒక్క మాట మాత్రం వెటకారం కాదు.

ఆ సాయంత్రమే కోపంగా నిజార్ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

"రండి బాబాయ్, రండి! నిలబడి మాట్లాడితే నన్ను చంపుకు తిన్నట్టే!"

"కూర్చోవడానికి రాలేదురా. ఆ నాలుగింటి సంగతి..."

"ముందు తినండి బాబాయ్. మాట ఎక్కడికి పోతుంది?"

పప్పు సూపు వచ్చింది. కాల్చిన మాంసం వచ్చింది. దాని వెనకే, పాకంలో మునిగి, పొగలు కక్కుతూ కునాఫా మిఠాయి వచ్చింది. ఒక ముక్క నోట్లో పెట్టాక గానీ నా బుర్ర వెలగలేదు. ఒకడి రొట్టే ఉప్పూ తిన్నాక వాడి మీద నోరెత్తడం మాలో లేదు. తాతల నాటి నుంచీ లేదు. మాట ఎక్కడికీ పోలేదు, కునాఫాతో పాటు కడుపులోకే పోయింది.

ఇంటికి వచ్చేసరికి నజ్వా మంచం మీద కూర్చుని ఉంది.

"అడిగారా?"

"తిన్నాను."

"నేనడిగింది అది కాదు."

"కునాఫా చాలా బాగుంది."

ఆవిడ నా వైపు ఒక్క చూపు చూసి, దిండు తల మీద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు రాత్రి నజ్వా పడక చేరిన కాసేపటికే తలుపు చప్పుడైంది. కౌన్సిల్‌లో హియరింగ్‌కు రెండు రోజుల ముందు నిజార్ వీధిలో ఇంటింటికీ ఒక్కో పళ్ళెం బక్లావా మిఠాయి పంపించాడు. ఏం బుర్రండీ! అందరికంటే గట్టిగా అరిచిన హాజీ అద్నాన్ గారు, సంతకాలు సేకరించిన పిటిషన్ కాగితాన్నే పళ్ళెం కింద వేసుకుని తిన్నారు. పాకం కారి సంతకాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంత ఐకమత్యం మా వీధిలో ఎన్నడైనా చూశామా?

మా ఇంటికొచ్చిన పళ్ళెం పొద్దున్నే నజ్వా కంటపడింది. మా వాళ్ళలో ఎవరి పళ్ళేన్నీ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, ఏదో ఒకటి పెట్టి ఇవ్వాలి. ఈవిడ ఆ ఆచారాన్ని అక్షరాలా పాటించింది. ఎలా వచ్చిన పళ్ళేన్ని అలాగే, ఒక్క ముక్క కూడా కదపకుండా, నిండుగా తీసుకెళ్ళి నిజార్ గుమ్మంలో పెట్టి వచ్చింది. సిగ్గుతో నా తల తిరిగిపోయింది.

హియరింగ్ రోజు హాలు కిటకిటలాడింది. నిజార్ తరఫున టై కట్టుకున్న కన్సల్టెంటు గారు రంగు రంగుల చార్టులు చూపించారు. "నాలుగింటి దాకా తెరిస్తే జనం ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా వెళ్తారు. శబ్దం తగ్గుతుంది" అని తేల్చారు. ఆహా! ఆ లెక్కన అసలు మూయకుండానే ఉంటే చీమ చిటుక్కుమన్నా వినపడుతుందన్నమాట!

"అభ్యంతరాలున్నవాళ్ళు చెప్పవచ్చు" అన్నారు కౌన్సిల్ అధ్యక్షురాలు.

మా వీధివాళ్ళం పదకొండుమందిమి మా బూట్ల వంక చూసుకున్నాం. హాజీ గారు గొంతు సవరించుకున్నారు, మళ్ళీ మింగేశారు. ఉప్పు తిన్న నాలుకలు లేవవు.

నజ్వా లేచింది.

"నిజార్, నీ బక్లావా నేను ముట్టలేదు నాయనా. అందుకే మాట్లాడుతున్నాను. నీ మీద నాకు కోపం లేదు. ఇప్పుడు రాత్రికి గంటంబావు నిద్రపోతున్నాను. నువ్వు నాలుగింటికి మూస్తే అదీ ఉండదు. ఆరూ ఇరవైకి నీ రీమా, నీ జాద్ నా బస్సెక్కుతారు. మొదటి స్టాపు మీ ఇల్లే. నేను చెప్పేది అంతే."

నిజార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "పిన్నీ..." అన్నాడు.

"చెవుల్లో దూది పెట్టుకోవచ్చు కదమ్మా?" అన్నాడు ఒక కౌన్సిలరు.

"అలారం వినపడాలి కదయ్యా" అంది నజ్వా.

అధ్యక్షురాలు కాగితాలు తిరగేసి, స్కూలు బస్సు సంగతి ఈ రోజు అజెండాలో లేదని, అది స్కూలు బోర్డు చూసుకోవలసిన విషయమని సెలవిచ్చారు. ఓటింగు పెట్టారు. అయిదుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. దరఖాస్తు నెగ్గింది. అందరూ లేచి గుమ్మం దగ్గర మా పద్ధతిలో వీడ్కోళ్ళు మొదలుపెట్టారు. తొమ్మిదయ్యేసరికి వాచ్‌మన్ లైట్లు ఆర్పేసి అందరినీ బయటికి తోలాడు. అవును మరి, కౌన్సిల్ వాళ్ళు ఇళ్ళకు పోయి పడుకోవద్దూ?

సోమవారం నుంచి కొత్త వేళలు మొదలయ్యాయి. బావమరిది మోకాలి కథ నాలుగూ యాభైకి ముగిసింది. నజ్వా అప్పటికే చన్నీళ్ళతో ముఖం కడుక్కుని డిపోకు బయల్దేరింది. అలారం గడియారంతో కూడా పని లేకుండా పోయింది. ఇదొక లాభం కాదూ!

ఆరూ ఇరవైకి బస్సు నిజార్ ఇంటి ముందు ఆగింది. పిల్లలు రాలేదు. ఒక నిమిషం ఆగింది. రెండు నిమిషాలు ఆగింది. అప్పుడు పక్క తలుపు తీసుకుని నిజార్ వచ్చాడట. ఒంటి మీద రాత్రి చొక్కాయే, కళ్ళు చింతనిప్పులు. పిల్లలిద్దరినీ తన కారులో ఎక్కించి, సీటు బెల్టులు ఒకటికి రెండుసార్లు లాగి చూశాడట. బస్సు వైపు కన్నెత్తి చూడలేదట. జాద్ మాత్రం కారు అద్దంలోంచి చెయ్యి ఊపాడట. నాలుగో స్టాపులో, దూది పెట్టుకోమన్న కౌన్సిలరు గారి మనవరాలు కూడా రాలేదు.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా? ఏనాడూ పిల్లల్ని బడికి దింపని తండ్రి దింపుతున్నాడు. తాతగారు మనవరాలిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నారు. రెండు గంటల పొడిగింపు కుటుంబాలను ఇంతగా దగ్గర చేస్తుందని ఎవరనుకున్నారు?

మిగతా ముప్ఫై ఎనిమిదిమంది పిల్లలు మాత్రం ఎప్పటిలాగే ఎక్కారు. నజ్వాకు గుడ్ మార్నింగ్ చెప్పి, వెనక సీట్లలో సర్దుకు కూర్చున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు హియరింగ్‌కు రాలేదు. అవతలి వీధుల వాళ్ళు, ఆదమరిచి నిద్రపోతున్నారు. లేపాలంటే నాకు మనసొప్పడం లేదు.