మా కారు గాలి పీల్చడం మొదలుపెట్టాక

పార్శిల్ వచ్చిందని ఫోన్ మోగినప్పుడు మేం ఇడ్లీలు తింటున్నాం. మా ఆయన (ఈ మాట రాయడం నాకింకా సరదాగానే ఉంది, అందుకే అవసరం లేని చోట కూడా రాస్తుంటాను) చెయ్యి కడుక్కోకుండానే లేచి, చట్నీ వేళ్లతోనే నా రెండు చేతులూ పట్టుకుని, "గుడ్ న్యూస్" అన్నాడు. ఆ కళ్లు చూడాలి! పెళ్లిలో పాస్టరుగారు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా" అని అడిగినప్పుడు కూడా అవి అంతగా మెరవలేదు. పక్కనే నిలబడి చూసినదాన్ని కాబట్టి చెప్పగలను.

వంటింట్లోంచి మా అత్తయ్య నిర్మల గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. పెళ్లయి మూడు నెలలైన ఇంట్లో ఆ రెండు ముక్కలు వినబడితే ఏ అత్తగారైనా పరుగెత్తుకు రాక ఏం చేస్తుంది?

"ఎన్నో నెలే?" అని నన్ను అడిగింది.

"నెల కాదత్తయ్యా, ఎయిర్ ఇన్‌టేక్" అన్నాను.

పాఠకులారా, ఆ రోజు నుంచి నేను గట్టిగా నమ్ముతున్న సత్యం ఒకటుంది. కొత్తగా కాపురం పెట్టేవాళ్లు మంచం, బీరువా, మిక్సీ నిదానంగా కొనుక్కోవచ్చు. ముందు కారుకు ఎయిర్ ఇన్‌టేక్ మార్పించుకోవాలి. అది లేని కాపురం కాపురమేనా!

అది ఏంటని అడుగుతారు. చెబుతాను. మాది స్పోర్ట్స్ కారు. ఎర్రది, రెండే సీట్లు. హైదరాబాదులో ఎవరో తోలి తోలి విసిగి అమ్మేస్తుంటే, మా ఆయన వినయ్ పెళ్లికి ముందు కొన్నాడు. తెనాలిలో ఇంటి ముందు ఆపిన రోజు మా మామయ్య శాలేమురాజు మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు సగం బాగానే ఉందిరా. వెనక సగం ఎప్పుడు పంపుతామన్నారు?" అని అడిగారట. లెక్కల మాస్టారిగా రిటైరైన మనిషి. సగాల సంగతి ఆయనకు తెలుసు.

ఇక ఇంజన్. అదీ మనలాగే ఊపిరి పీల్చుకుంటుంది. కంపెనీవాళ్లు దాని ముక్కుకు ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా తగిలించి, మెల్లగా, మర్యాదగా పీల్చుకోమంటారు. ఆ డబ్బా పీకేసి, లావుపాటి గొట్టం ఒకటి పెట్టి, గొట్టం చివర గరాటులాంటి ఫిల్టరు బిగిస్తే చల్లగాలి ఎక్కువగా లోపలికి పోతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు బాగా మండుతుంది. బాగా మండితే బలం. ఎంత బలం? మా ఆయన చెప్పిన ప్రకారం ఎనిమిది గుర్రాలు.

ఎనిమిది గుర్రాలు! ఇన్నాళ్లూ మన కాలవగట్ల మీద గేదెలదే రాజ్యం. ఇక ఆ ఆట సాగదనుకున్నాను. మొదటి రోజే ఒక మంద ఎదురొచ్చింది. మా ఎనిమిది గుర్రాలూ, అంతకుముందు నుంచీ ఉన్న గుర్రాలూ కలిసి, నీళ్లు కారుతున్న గేదెల తోకల వెనక బుద్ధిగా నడిచాయి. వినయ్‌కు ఏ మాత్రం చిన్నతనం అనిపించలేదు. "విన్నావా, నిలబడి కూడా ఎలా పీలుస్తోందో" అన్నాడు. విన్నాను. వినకుండా ఉండటం ఎవరి తరమూ కాదు.

ఎందుకంటే ఆ డబ్బా కారును మర్యాదగా మాట్లాడించేది. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే, ఏనుగు బిందెడు నీళ్లు ఒక్క గుక్కలో లాగినట్టు హూమ్మంటుంది. కాలు తీస్తే, చుట్టాలందరికీ వడ్డించి చివర్న కూర్చున్న కోడలిలా ఉస్సురంటుంది. దీన్ని శబ్ద కాలుష్యం అనేవాళ్లున్నారు. వాళ్లకు దీనివల్ల కలిగే లాభాలు తెలియవు, పాపం.

మొదటి లాభం దోసెలు. వినయ్ బ్యాంకు నుంచి బయల్దేరి మార్కెట్ దగ్గర మలుపు తిరిగేసరికి ఇంట్లో చప్పుడు వినిపిస్తుంది. అత్తయ్య అప్పుడు పెనం పెడుతుంది. ఉస్సుమని గేటు ముందు ఆగేసరికి దోసె తిరగేస్తుంది. ఇంత కచ్చితంగా కబురు చెప్పే ఫోను ఏ కంపెనీవాళ్లు చేశారు?

రెండో లాభం సౌందర్యం. కారు పరుగు చూద్దామని దుగ్గిరాల వెళ్లాం. యార్డు దగ్గర పసుపు బస్తాలు లారీలకెత్తుతున్నారు. మా ఇంజన్ ఊరుకుంటుందా? దొరికిందంతా పీల్చింది. ఇంటికొచ్చి ఫిల్టరు విప్పితే నలుగు పెట్టిన పెళ్లికూతురిలా పచ్చగా నిగనిగలాడుతోంది. నా నలుగుకు నా మొహం కూడా అంత నిగారించలేదు. అత్తయ్య వేలితో రాసి చూసి, "మంచి పసుపేరా. కూరలోకి పనికొస్తదా?" అంది.

కానీ ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం బంధుత్వం. అది చెప్పాలంటే ముందు సముద్రం సంగతి చెప్పాలి.

పెళ్లిచూపుల రోజు వినయ్ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "మీకు సముద్రం ఇష్టమేనాండి?" నాది రేపల్లె. సముద్రం చూడకపోలేదు. కాకపోతే చూసినప్పుడల్లా సండే స్కూలు పిల్లలతో వెళ్లి, ఎవరూ తప్పిపోలేదు కదా అని తలకాయలు లెక్కపెట్టుకుంటూ చూశాను. ఆ మాటే చెప్పాను. "అయితే పెళ్లయ్యాక సూర్యలంక వెళ్దాం. ఎవర్నీ లెక్కపెట్టక్కర్లేదు. మనిద్దరమే" అన్నాడు. నేను ఒప్పుకున్నది ఆ మాటకే. ఉద్యోగమూ, కులాసా తర్వాత కనుక్కున్నాను.

తెనాలి నుంచి బాపట్ల ఎంత దూరం? గంట, మహా అయితే గంటన్నర. పక్కనే సూర్యలంక. పెళ్లయి ఐదు నెలలైంది. సముద్రం అక్కడే ఉంది, మేం ఇక్కడే ఉన్నాం.

కొత్త జంటను పిలిచి భోజనం పెట్టి, బట్టలు పెట్టి, ప్రార్థన చేసి పంపడం మా వాళ్ల ఆచారం. చాలా మంచి ఆచారం. దానికి ఉండే ఇబ్బందల్లా ఒక్కటే. జంట ఎప్పుడు ఎటు పోతోందో చుట్టాలకు తెలియకపోవడం. ఆ ఇబ్బందిని మా ఎయిర్ ఇన్‌టేక్ తీర్చేసింది!

మొదటిసారి బాపట్లకని బయల్దేరాం. పొన్నూరు పొలిమేరలో నడిరోడ్డు మీద ఒక గొడుగు. గొడుగు కింద వినయ్ పెద్దమ్మ జ్ఞానమ్మగారు.

"ఆగరా. అంత దూరాన ఉండగానే విన్నాను. వంకాయలు తరిగేశాను."

"మేం సముద్రం దగ్గరికి వెళ్తున్నాం పెద్దమ్మా."

"సముద్రం ఇవాళ్టితో ఎండిపోద్దా? దిగు. ఏంటమ్మాయ్ అట్టా చిక్కిపోయావు? మా చెల్లెలు అన్నం పెట్టట్లేదా?"

పెడుతోందని సాక్ష్యం చెప్పడానికి వీల్లేకుండా నా విస్తట్లో మూడు రకాల కూరలు పడ్డాయి. భోజనం తర్వాత ప్రార్థన. పెద్దమ్మగారు కళ్లు మూసుకున్నారంటే వంశంలో ఒక్క మోకాలి నొప్పినీ, ఒక్క సప్లిమెంటరీ పరీక్షనూ వదలరు. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "ప్రభువా, ఈ బిడ్డల కారుకు పట్టిన ఆయాసం నువ్వు ఎరుగుదువు. దాన్ని ముట్టి స్వస్థపరచుము తండ్రీ" అన్నారు. నేను ఆమెన్ అన్నాను. వినయ్ అనలేదు. ప్రార్థన ఫలిస్తే ఎనిమిది గుర్రాలూ పోయి పాత డబ్బా మిగులుతుందని అతని భయం.

అక్కణ్ణుంచి అప్పికట్ల. ఏసుబాబు బాబాయి రోడ్డుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పొన్నూరు వదిన ఫోన్ చేసింది బయల్దేరారని. ఇంకా చప్పుడు రాలేదేంటా అని చూస్తన్నా."

"ఇప్పుడే తిన్నాం బాబాయ్."

"నేను తినమన్నానా? కాస్త పలహారం చెయ్యమంటన్నా."

పలహారం అంటే గారెలు, నాటుకోడి పులుసు. పులుసులోకి వెళ్లకుండా మిగిలిన కోడిని కాళ్లు కట్టి నా ఒళ్లో పెట్టారు. బయటికొచ్చేసరికి పొద్దుగూకింది. వెనక్కి తిరిగాం. దారి పొడుగునా వినయ్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కోడి సమాధానం చెప్పింది. నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ సాయంత్రం నాకు చాలా బాగుంది. సముద్రం ఒక్కటే లేదు.

రెండోసారి తెలివిగా రేపల్లె దారి పట్టాం. అటునుంచి చుట్టూ తిరిగి బాపట్ల చేరదామని నా ఆలోచన. అత్తవారి తరఫు ఆటంకం తప్పించుకోవడానికి పుట్టింటి తరఫు దారి ఎంచుకున్న నా చదువును ఏమనాలి? భట్టిప్రోలు దాటామో లేదో మా అమ్మ ఫోన్.

"ఏంటే, పుట్టిల్లు పక్కన పెట్టుకుని ఎటు పోతన్నారు?"

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఒకళ్లు చెప్పేదేంటి? మీ భట్టిప్రోలు మావయ్య ఫోన్ బయటపెట్టి మీ కారు చప్పుడు వినిపించాడు. నాన్న నిజాంపట్నం వెళ్లాడు చేపలకి. నేరుగా ఇంటికి రండి."

చూశారా! ఎంత కట్టుదిట్టమైన ఏర్పాటు! ఒక ఊళ్లో విన్నది పక్క ఊళ్లోకి వినిపిస్తారు, అక్కడ పొయ్యి వెలిగిస్తారు. ఆ రోజు కూర చేపలు కడుపులో, ఎండుచేపలు కాళ్ల దగ్గర పెట్టుకుని తిరిగొచ్చాం. ఆ వాసన కూడా ఇంజన్ పీల్చుకుంది కాబోలు, అప్పటినుంచీ మా వీధి పిల్లులు బానెట్ మీద సభ పెట్టుకుంటున్నాయి.

మరి ఆ గొట్టం పీకించెయ్యరాదా అంటారు. అనడం తేలిక. ప్రతి శనివారం మా ఆయన బానెట్ ఎత్తి, ఫిల్టరు విప్పి, నా షాంపూతో కడిగి, నీడన ఆరబెట్టి, "ఒకసారి రా" అని నన్ను పిలుస్తాడు. వెళ్లి చూస్తాను. చూడటానికి అక్కడ ఏమీ ఉండదు, ఆ మొహం తప్ప. ఆ మొహం చూశాక ఏ భార్య నోటికి "పీకించు" అన్న మాట వస్తుంది?

ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర సంగతి తేలింది. వినయ్ పెట్టిన సెలవు రేపటితో ఆఖరు. తర్వాత బ్యాంకులో ఆడిట్, ఆదివారాలు చర్చి, విందులు. రేపు తెల్లవారకముందే వెళ్దామన్నాడు వినయ్.

"మా అక్క కోడి కన్నా ముందు లేస్తుంది" అంది అత్తయ్య. పులుసు వడ్డిస్తూ, కొడుకు వైపు చూడకుండానే మళ్లీ అంది. "కారుకు ఊపిరాడేట్టు చేశావు, బానే ఉంది. పిల్లకు ఊపిరాడతందా లేదా చూశావా?"

వినయ్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "సాయంత్రం తీయించేస్తాలే. పాత డబ్బా షెడ్డులోనే ఉంది" అన్నాడు. చిన్న గొంతుతో.

"వద్దు" అన్నాను. ఆ మాట నాకంటే ముందు నా నోరే అనేసింది.

అప్పుడు మామయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "లెక్క తప్పు చేస్తున్నారు. వాళ్లు వినేది కారుని. మిమ్మల్ని కాదు."

ఎవరికీ అర్థం కాలేదు, అత్తయ్యకు తప్ప. "అయితే తోలేది మీరు, పక్కన కూర్చునేది నేను" అంది వెంటనే. "పెళ్లయిన ఏడాది సముద్రం చూపిస్తానని బయల్దేరదీసి మా అక్క ఇంట్లో దించారు. మీరు మర్చిపోయారేమో."

"మర్చిపోలేదు" అన్నారు మామయ్య. "ఆ రోజు కూడా వంకాయ కూరే."

అందుకని పాఠకులారా, ఎయిర్ ఇన్‌టేక్ వల్ల కలిగే అతి పెద్ద లాభం ఇప్పుడు చెబుతున్నాను. చప్పుడును మనుషుల నుంచి విడదీసి వేరే ఊరు పంపించవచ్చు! ఇది అచ్చయ్యేది వచ్చే వారం కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

రేపు ఉదయం మామయ్య, అత్తయ్య ఎర్ర కారులో రేపల్లె వెళ్తారు. దారిలో ప్రతి ఊళ్లోనూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కమని వినయ్ ఈ సాయంత్రమంతా మామయ్యకు నేర్పించాడు. చుట్టుపక్కల చుట్టాలందరికీ కొత్త జంట రేపల్లె వెళ్తోందని కబురందుతుంది. పొన్నూరులో గొడుగు ముడుచుకుంటుంది. అప్పికట్లలో కుర్చీ లోపలికి పోతుంది. ఇక రేపల్లెలో తలుపు తీసి చూస్తే వియ్యంకుడు, వియ్యపురాలు! వాళ్ల మర్యాదల్లో మునిగి మా అమ్మకు సాయంత్రం దాకా ఫోన్ ముట్టుకునే తీరిక ఉండదు. మామయ్యకు షుగరుంది, పాయసం దగ్గర అత్తయ్య చూసుకుంటానంది.

మేం ప్యాసింజర్‌కి వెళ్తాం. రైలు చప్పుడు ఊరందరిదీ, అందులో మమ్మల్ని ఎవరూ పోల్చుకోలేరు. బాపట్లలో దిగి సూర్యలంకకు ఆటో మాట్లాడుకుంటాం. ఆటో మా కారు కన్నా ఎక్కువ మోత మోగుతుంది కదా అంటారా? మోగనివ్వండి. దానికి చుట్టాలు లేరు.