మతిస్థిమితం సర్టిఫికెట్టు

ఒక పెద్ద అడవిలో కార్చిచ్చు ఆరి ఏడాదైంది గానీ దాని భయం ఆరలేదు. మిణుగురు మెరిస్తే చాలు, జింకల మంద మొత్తం పరుగు. ఉడుత బుల్లెమ్మ తల్లైతే ఆనాటినుంచి నోరే విప్పలేదు.

సింహం రాజావారు ఒక పథకం పెట్టారు. మెదడు మీద, మనోవ్యాధుల మీద ఒకరిచేత మూడేళ్లు పరిశోధన చేయించి, అడవికి మొదటి మనోవైద్యుణ్ణి తయారు చేయించాలి. తిండీ గూడూ ఖజానావే. మనిషిని ఎంపిక చేసే కమిటీకి కార్యదర్శి నక్క. ఆయనకో మేనల్లుడున్నాడు. ఆ సంగతి రాజుగారికి తెలీదు, మనకు తెలుసు.

బుల్లెమ్మ నక్క దగ్గరికి దరఖాస్తు పట్టుకెళ్లింది. "మా అమ్మకేమైందో తెలుసుకోవాలండీ."

"మంచిదమ్మా. నీకు మతిస్థిమితం ఉన్నట్టు మనోవైద్యుడి సర్టిఫికెట్టేదీ?"

"మనోవైద్యుడు లేడనే కదండీ ఈ చదువు పెట్టారు?"

"అయితే ఆ వైద్యుడు తయారయ్యాక పట్టుకురా."

పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అంటారే, అదీ వరస. మర్నాడు నిబంధనకు ఓ తోక మొలిచింది: వైద్యుడు లేనిచోట కార్యదర్శి సంతకం చాలు. మేనల్లుడికి సంతకం పడింది. మూడేళ్లు సుబ్బరంగా మెక్కాడు.

బుల్లెమ్మ గింజలు తనే ఏరుకుంటూ తల్లి పక్కనే కూర్చుంది. అమ్మ దేనికి ఉలిక్కిపడుతోందో, ఎలా నెమ్మదిస్తోందో బెరడు మీద గీసుకుంది.

మేనల్లుడికి పట్టా ఇచ్చే సభ. ఆనవాయితీ కదా, నక్క జ్యోతి వెలిగించింది. జింకలు లేచి పరుగందుకున్నాయి. రాజావారు బల్లకింద దూరారు. అందరికంటే ముందు పారిపోయింది డాక్టరుగారే.

బుల్లెమ్మ తడి ఆకు వేసి దీపం ఆర్పింది. బల్లకింద రాజుగారి పక్కన మాటాడకుండా చాలాసేపు కూర్చుంది. ఆయన వణుకు తగ్గింది.

"ఎవరు నేర్పారమ్మా?"

"మా అమ్మేనండీ."

"ఇకనుంచి ఆ భత్యం ఈవిడకి ఇవ్వండి."

"చిత్తం ప్రభూ," అంది నక్క. "మనోవైద్యుడి సర్టిఫికెట్టొకటి తెస్తే..."

రాజావారు మీసం దువ్వారు. "సరే. నీ కుర్చీకీ అదే నిబంధన. తెచ్చాకే కూర్చో."

నక్క సర్టిఫికెట్టు కోసం ఇప్పటికీ డాక్టరుగారి బొరియ ముందే నిలబడుంది. లోపల్నుంచి మేనల్లుడు, "మామయ్యా, బయట మిణుగురులున్నాయి, నేను రాను," అంటున్నాడు. బుల్లెమ్మ ఫైలు కూడా ఆ సంతకం కోసం అక్కడే ఉంది.

బుల్లెమ్మ మాత్రం ఇంటికెళ్లిపోయింది. తల్లి దాని డొక్కలు తడిమి చూసి, నాలుగేళ్లకి నోరు విప్పింది. "తిన్నావా?"

నీతి: మనోవైద్యం చదవడానికి మెదడు లేకపోయినా ఫరవాలేదు, మేనమామ ఉండాలి.