రెండు వందల పదహారు చిటికెలు

ఆదివారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. గాలి పడమటి నుంచి, తీగ మీద ఆరవేసిన చేతిరుమాలు అంచు మాత్రమే కదిలేంత మెల్లగా వీస్తోంది. లెక్కల మాస్టారు ఆ రుమాలును చాలాసేపు పరిశీలించి తృప్తిపడ్డారు. తొమ్మిదింటికి ఊరిబయటి మైదానంలో రాకెట్టు ఎగరేయడం, పదింటికి దాన్ని కారు మీద కట్టుకుని తిరిగి రావడం, భోజనానికి ముందే ముందుగది ఎవరిదన్న వివాదాన్ని శాశ్వతంగా ముగించడం ఆనాటి ఆయన కార్యక్రమం.

వివాదానికి మూలం ఆయన బావమరిది. అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే ఆ యువకుడు, మాస్టారు ఒకనాడు మూరెడు పొడవున్న అట్టరాకెట్టును మేడ మీది నుంచి ఎగరేసి, అది బుల్లి పారాచూట్‌తో చక్కగా దిగినప్పుడు, చప్పట్లు కొట్టవలసిన చోట ఆవులించాడు.

"బాగుంది బావగారూ. మా స్టేషన్లో అగ్గిపుల్ల గీసినా ఇంతకంటే హడావుడి ఉంటుంది."

"దీనికి ఆరింతలది చేస్తాను," అన్నారు మాస్టారు. "మొదటి నుంచి చివరిదాకా నా చేత్తోనే."

చేశారు కూడా. ఆయన భార్య దర్జీ. ఆమెకు గుడ్డలు చుట్టి వచ్చే గట్టి అట్టగొట్టాలను ఒకదానికొకటి అతికితే రాకెట్టు ఒళ్ళు తయారైంది. ప్లైవుడ్ కోసి రెక్కలు, థర్మోకోల్ చెక్కి ముక్కు అమర్చారు. మోటారు ఒక్కటి మాత్రం ఎవరూ ఇంట్లో చేయకూడదని, తమ కార్యదర్శే మైదానంలో బిగించాలని రాకెట్ క్లబ్బు నియమం. మిగిలినదంతా ముందుగదిలో జరిగింది. ఐమూలగా పడుకోబెడితే తప్ప రాకెట్టు ఆ గదిలో పట్టలేదు. కుట్టుమిషను పడకగదిలోకి వలస పోయింది. కొత్త ప్యాంటు తొడుక్కుని వెళుతున్న ఒక పెద్దమనిషి దాన్ని రాకెట్టు రెక్కకు తగిలించి చించుకుని, గుమ్మం దాటకుండానే మళ్ళీ మిషను దగ్గరికి వచ్చాడు.

"ఇక తేల్చండి," అంది భార్య ఆ సాయంత్రం. "ఈ గది మీ రాకెట్టుకా, నా మిషనుకా?"

"ఎగరనీ. ఎగిరి, పారాచూట్‌తో ఎక్కడా విరగకుండా దిగితే గది నాది. లేకపోతే నీది. మళ్ళీ ఆ ఊసెత్తను."

"మాట తప్పరుగా?"

"తప్పను."

"మరి పారాచూట్ ఎవరు కుడతారు?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నీకంటే బాగా కుట్టేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు?"

"అంటే, నన్ను ఓడించే గుడ్డ నేనే కుట్టాలి."

"కష్టమైతే బయట ఇస్తాలే."

"బయటా? నేను బతికుండగా మనింటి గుడ్డ బయటివాళ్ళు కుడతారా? ఆ కొలతలు ఇలా పడేయండి!"

పలుచని నైలాన్ గుడ్డతో ఆమె పారాచూట్ కుట్టి ఇచ్చింది. వ్యవహారం అక్కడితో ముగిసి ఉండేది. కానీ శుక్రవారం భోజనానికి వచ్చిన బావమరిది, చేయి కడుక్కుంటూ ఒక మాట విసిరాడు.

"పందెమూ అక్కదే, పారాచూటూ అక్కదే. మీ గుండెధైర్యానికి దండం పెట్టాలి బావగారూ!"

అతడికి అది హాస్యం. మాస్టారికి అది పరీక్షించి తీరవలసిన ప్రతిపాదన. భూతద్దం తెచ్చి ప్రతి కుట్టూ చూశారు. దోషం కనిపించలేదు. మనసు కుదుటపడి, మడతలు ఒకదానికొకటి అంటుకోకుండా పౌడరు చల్లడానికి కూర్చున్నారు. చిన్న రాకెట్టుకు ఒక్క చిటికెడు సరిపోయింది. ఆరింతల రాకెట్టు పొడవులో ఆరింతలు, వెడల్పులో ఆరింతలు, ఎత్తులో ఆరింతలు. కనుక రెండు వందల పదహారు చిటికెలు. పౌడరు పరిచేది గుడ్డ ఉపరితలం మీద గనుక ముప్పై ఆరు చాలునన్నది మొదటి సంవత్సరం విద్యార్థులకు ఆయనే చెప్పే పాఠం. ఆ పాఠం ఆయనకు ఆ వేళ గుర్తు రాలేదు. చిటికెలను డబ్బాల్లోకి మార్చి, ఆ డబ్బాలు ఖాళీ చేసి, పారాచూట్‌ను గొట్టంలో అమర్చారు. భూతద్దాన్ని మాత్రం కుట్టుమిషను మీద మరిచిపోయారు.

శనివారం ఉదయం భార్య భూతద్దాన్ని చూసింది. తన కుట్లను పరీక్షించారని గ్రహించింది. ఆమె తర్కం స్పష్టమైనది: రాకెట్టు కూలితే తానే కావాలని చెడగొట్టిందంటారు, గది దక్కుతుంది గానీ పనితనానికి మచ్చ వస్తుంది. మాస్టారు కాలేజీకి వెళ్ళగానే పారాచూట్ బయటికి లాగి, చుట్టూ మరో అంచు చేర్చి, కుట్టు మీద కుట్టు వేసింది. మళ్ళీ మడిచేటప్పుడు, విప్పినందువల్ల పౌడరు రాలిపోయి ఉంటుందని తన వంతు చల్లి, మోకాలితో నొక్కి గొట్టంలో కుక్కింది.

ఇంట్లో ఉంటున్న ఆమె తల్లి ఇదంతా వంటింటి గుమ్మం నుంచి చూసింది. కూతురి మొహం చూస్తే అల్లుడి ఓటమి ఖాయమనిపించింది. ఆవిడకు అల్లుడంటే జాలి. ఆదివారం మాస్టారు రుమాలును పరిశీలిస్తున్న సమయంలో, ఆవిడ అల్లుడికి సాయంగా తన సువాసన పౌడరు డబ్బాను గొట్టంలో బోర్లించి, ముక్కు యథాస్థానంలో పెట్టేసింది.

మైదానంలో క్లబ్బు కార్యదర్శి మోటారు బిగిస్తూ, "కాస్త బరువెక్కువ అనిపిస్తోంది మాస్టారూ?" అన్నాడు.

"లెక్క ప్రకారమే ఉంది," అన్నారు మాస్టారు.

క్లబ్బు నియమం ప్రకారం ఒక ఫైరింజను కూడా వచ్చింది. దాని పక్కన బావమరిది యూనిఫాంలో నిలబడ్డాడు. మీట నొక్కగానే రాకెట్టు గీత గీసినట్టు నిటారుగా లేచింది. శిఖరానికి చేరగానే ముక్కు ఊడింది. వెంటనే ఆకాశంలో ఒక ఇల్లంత తెల్లని మేఘం పుట్టింది.

"పేలిపోయింది!" అని బావమరిది అరిచి, ఇంజను ఎక్కి సైరన్ మోగించాడు. "అక్కా, బావగారి రాకెట్టు పేలిపోయింది!"

అత్తగారు గాలి పీల్చి చూసింది. "పేలితే ఇంత కమ్మటి వాసన వస్తుందిట్రా?"

మేఘంలోంచి పారాచూట్ బయటికొచ్చింది. దాని కింద రాకెట్టు నిక్షేపంగా వేలాడుతోంది. మాస్టారు రెండు చేతులూ పైకెత్తారు. ఎత్తిన చేతులు కాసేపటికి వాటంతటవే దిగాయి. రాకెట్టు మాత్రం దిగలేదు. ఎండకు వేడెక్కిన నేల నుంచి లేచిన గాలి దాన్ని ఇంకా పైకి ఎత్తుకుంది.

"కొలత ఎంత పెట్టావు?" అన్నారు భార్యతో.

"మీరిచ్చిందే. అంచు కాస్త వదిలాను."

"కాస్త అంటే?"

"మూరెడు. చుట్టూ."

"ఎందుకు?"

"మీ భూతద్దాన్ని అడగండి."

రాకెట్టు తూర్పుకు, ఊళ్ళోకి బయలుదేరింది. పేలుడని సైరన్ వేసిన ఇంజను ఏదో ఒకటి చూడకుండా వెనక్కి వెళ్ళకూడదు గనుక దాని వెంట పడింది. ఇంజను వెనక మాస్టారి కారు, కారు వెనక క్లబ్బు సభ్యులు, వాళ్ళ వెనక మంట ఎక్కడో తెలియకపోయినా చూడాలనుకున్న జనం. సగం గడ్డం గీయించుకున్న ఒకాయన కూడా సైకిలెక్కాడు. అందరి మీదా పైనుంచి పలచగా పౌడరు రాలుతోంది.

కొత్తగా కట్టి, ఇంకా తెరవని ఒక హోటలు ముందు ఊరేగింపు ఆగింది. పారాచూట్ హోటలు బోర్డుకు చిక్కుకుని ద్వారాన్ని పూర్తిగా కప్పేసింది. రాకెట్టు పూలకుండీల మధ్య ఒక్క గీత పడకుండా నిలబడి ఉంది. గుడ్డ లోపలి నుంచి ఎవరో గుంజుతున్నారు. చివరికి దాని కింది నుంచి నిలువెల్లా తెల్లబడిన హోటలు మేనేజరు పాక్కుంటూ బయటికొచ్చాడు.

"ఎవరు? దీన్ని ఎవరు కుట్టారు?"

ఆ గొంతు విని మాస్టారు భార్య వైపు చూశారు. ఇన్ని నెలలు పడకగదిలో మిషను తొక్కిన మనిషిని ఇంతమందిలో మాట పడనివ్వకూడదని నిశ్చయించుకుని ముందుకు నడిచారు.

"నేను. ఏమనాలన్నా నన్నే అనండి."

"ఏమిటీ?" భార్య కారు దిగింది. "మీరు కుట్టారా? సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచే మనిషి!"

"నువ్వు ఊరుకో."

"ఎందుకు ఊరుకోవాలి? నా కుట్టును మీదంటారా?"

"అమ్మా, అయ్యా, ఒక్క నిమిషం," అన్నాడు మేనేజరు. "ముగ్గురం కలిసి లాగాం. ఒక్క కుట్టు ఊడలేదు. మా కర్టెన్లు కుడతానన్న మనిషి నిన్న చేతులెత్తేశాడు. మీలో ఎవరు కుట్టారో ఇంటికెళ్ళి తేల్చుకోండి. హోటలు మొత్తానికి కర్టెన్లు కావాలి. కుడతారా?"

భార్య పారాచూట్‌ను చూసింది. ఎక్కడా విరగని రాకెట్టును చూసింది.

"కుట్టడానికి నాకు గది లేదండీ," అంది. "ఉన్న ఒక్క గదీ ఈయనది. ఇప్పుడే గెలుచుకున్నారు."

సైరన్ ఆగింది. అందరూ మాస్టారి వైపు చూశారు. సగం గడ్డం పెద్దమనిషి కూడా చూశాడు.

"అవును, గది నాదే," అన్నారు మాస్టారు, ఒంటి మీది పౌడరు హుందాగా దులుపుకుంటూ. "కుట్టేవాణ్ణి నేనేనని ఇందాకే మనవి చేశాను కదా."

ఇది జరిగి పదకొండేళ్ళయింది. ముందుగది పందెం ప్రకారం ఇప్పటికీ మాస్టారిదే. ఉద్యోగ విరమణ తరువాత ఆయన రోజూ అందులో కూర్చుని కర్టెన్లకు అంచులు కుడుతున్నారు, భార్య వాటిని భూతద్దంతో పరీక్షిస్తోంది. రాకెట్టు గొట్టానికి మళ్ళీ గుడ్డ చుట్టారు.